ఎస్ఎం59 కనెక్షన్ టెస్ట్‌ను ఎంతవరకు నమ్మొచ్చు?

ఎస్ఏపీలో (సంస్థలు తమ వ్యాపార పనులకు వాడే సాఫ్ట్‌వేర్) ఒక సిస్టమ్ నుంచి ఇంకో సిస్టమ్‌కు ఆర్ఎఫ్‌సీ కాల్ (అవతలి సిస్టమ్‌లోని ఫంక్షన్‌ను ఇవతలి నుంచి పిలవడం) పోవడం లేదంటే అందరూ ముందు తెరిచేది ఎస్ఎం59, అంటే అవతలి సిస్టమ్‌ల వివరాలను డెస్టినేషన్‌లుగా దాచే తెర. డెస్టినేషన్ తెరవడం, కనెక్షన్ టెస్ట్ నొక్కడం, మిల్లీసెకన్ల పట్టిక రాగానే "మా వైపు అంతా బాగుంది" అని టికెట్‌ను అవతలి టీమ్‌కు పంపేయడం. అవతలి టీమ్ కూడా అదే పని చేస్తుంది, టికెట్ తిరిగొస్తుంది. ఆ టెస్ట్ ఏం చూస్తుందో, ఏం చూడదో, చూడనిదాన్ని పట్టుకోవడానికి నిపింగ్ (నెట్‌వర్క్‌ను పరీక్షించే కమాండ్), ఎస్ఎంజీడబ్ల్యూ (కాల్‌లను అందుకునే గేట్‌వే ప్రాసెస్‌ను చూపే తెర), ఎస్ఎం58 (ఆగిపోయిన కాల్‌ల జాబితా) ఎంతవరకు ఆదుకుంటాయో చెప్పడమే ఈ సమీక్ష పని.

తీర్పు ముందే చెప్పేస్తాం. టెస్ట్ ఫెయిలైతే ఎస్ఎం59 చెప్పే మాట దాదాపు ఎప్పుడూ నిజమే, పైగా వివరంగా చెబుతుంది. పాస్ అయితే మాత్రం అది చెప్పేది చాలా తక్కువ. ఈ సాధనం బలం ఎర్రర్ తెరలో ఉంది, బలహీనత పాస్ తెరలో ఉంది.

పాస్ అంటే ఏం పాస్ అయినట్టు?

టైప్ 3 డెస్టినేషన్‌లో, అంటే ఒక ఏబాప్ సిస్టమ్ (ఎస్ఏపీ సొంత భాష ఏబాప్‌తో నడిచేది) నుంచి ఇంకో ఏబాప్ సిస్టమ్‌కు వెళ్లే దానిలో, కనెక్షన్ టెస్ట్ చేసేది ఆర్ఎఫ్‌సీ_పింగ్ అనే ఫంక్షన్ మాడ్యూల్‌ను అవతలి సిస్టమ్‌లో పిలవడం. లాగాన్‌కు ఎంత సమయం పట్టింది, ఆపైన 0, 10, 20, 30 కేబీ పంపడానికి ఎంత పట్టింది అని వరుసలుగా చూపిస్తుంది. మొదటి వరుస పేరు లాగాన్ కాబట్టి యూజర్, పాస్‌వర్డ్ కూడా సరిచూసిందనే చాలామంది అనుకుంటారు. అవతలి సిస్టమ్‌లో ఆథ్/ఆర్ఎఫ్‌సీ_అథారిటీ_చెక్ పరామితి 8 లేదా 9గా ఉంటే తప్ప ఆర్ఎఫ్‌సీ_పింగ్‌కు లాగాన్ అవసరమే లేదు. అంటే డెస్టినేషన్‌లో పాస్‌వర్డ్ తప్పుగా ఉన్నా, యూజర్ లాక్ అయి ఉన్నా పట్టిక చక్కగా వస్తుంది.

యూజర్‌ను సరిచూసేది మెనూలో యుటిలిటీస్, టెస్ట్ కింద ఉన్న ఆథరైజేషన్ టెస్ట్. తెర మీద పెద్దగా కనిపించే బటన్ ఒకటి, అసలు అవసరమైన టెస్ట్ మెనూ లోపల ఇంకొకటి. ఇంత కాలంగా వాడుకలో ఉన్న సాధనంలో ఈ అమరిక ఇలాగే ఉండటం మాకు నచ్చని విషయం. ఏ ఫిర్యాదు వచ్చినా రెండు టెస్టులూ వరుసగా చేయాలి. రిమోట్ లాగాన్ బటన్ మీద ఇంకో అపోహ ఉంది: యూజర్ టైప్ సిస్టమ్ లేదా కమ్యూనికేషన్ అయితే ఆ బటన్ నొక్కినా కొత్త తెర రాదు. వాటికి డయలాగ్ లాగాన్ ఉండదు కాబట్టి అది లోపం కాదు. డయలాగ్ లేదా సర్వీస్ టైప్ యూజర్‌కు మాత్రమే అవతలి సిస్టమ్ తెర తెరుచుకుంటుంది.

10, 20, 30 కేబీ వరుసలను మాత్రం చిన్నచూపు చూడకూడదు. లాగాన్ వరుస వచ్చి, 0 కేబీ వచ్చి, 10 కేబీ దగ్గర తెర బిగుసుకుపోతే అనుమానించాల్సింది దారిలో ఉన్న ఎంటీయూను, అంటే ఒక ప్యాకెట్ గరిష్ఠ పరిమాణాన్ని. సాధారణ ఈథర్‌నెట్ ఎంటీయూ 1500 బైట్లు. మధ్యలో వీపీఎన్ టనెల్ ఉంటే అది తగ్గుతుంది. "ప్యాకెట్ పెద్దదైంది, ముక్కలు చేయి" అని చెప్పే ఐసీఎంపీ సందేశాన్ని ఫైర్‌వాల్ ఆపేస్తే చిన్న ప్యాకెట్లు దాటుతాయి, పెద్దవి మాయమవుతాయి. ముక్కలు చేయవద్దనే గుర్తుతో 1472 బైట్ల పింగ్ పంపి చూడండి. దానికి హెడర్లు 28 బైట్లు కలిస్తే 1500 అవుతుంది. అది పోకుండా 1372 పోతే కారణం దొరికినట్టే. ఈ ఒక్క విషయంలో ఎస్ఎం59 టెస్ట్ మామూలు పింగ్ కంటే ఎంతో మేలు.

ఎర్రర్ తెరను చివరి వరుస దాకా చదవండి

ఎస్ఎం59 ఫెయిలైనప్పుడు చాలామంది మొదటి వరుస మాత్రమే కాపీ చేసి టికెట్‌లో పెడతారు: "పార్ట్‌నర్ నాట్ రీచ్డ్". దానితో ఎవరికీ ఉపయోగం లేదు. కింద ఉన్న లొకేషన్, రిటర్న్ కోడ్, సిస్టమ్ కాల్, ఎర్నో (ఆపరేటింగ్ సిస్టమ్ ఇచ్చే ఎర్రర్ నంబర్), ఈ నాలుగూ కావాలి. రిటర్న్ కోడ్ మైనస్ 10 అంటే అవతలి పోర్టుకు చేరలేదని మాత్రమే అర్థం. ఎందుకు చేరలేదో చెప్పేది ఎర్నో.

లైనక్స్‌లో 111, విండోస్‌లో 10061 అంటే కనెక్షన్ నిరాకరించారు. ప్యాకెట్ అవతలి మెషీన్‌కు చేరింది, ఆ పోర్టు మీద వినేవాళ్లు లేరు. గేట్‌వే ప్రాసెస్ ఆగిపోయి ఉండాలి, లేదా డెస్టినేషన్‌లో సిస్టమ్ నంబర్ తప్పయి ఉండాలి. గేట్‌వే పోర్టు 33 తర్వాత సిస్టమ్ నంబర్: నంబర్ 00 అయితే 3300, 10 అయితే 3310. లైనక్స్‌లో 110, విండోస్‌లో 10060 అంటే టైమవుట్. ప్యాకెట్ ఎక్కడో ఇంకిపోయింది, జవాబే రాలేదు. ఎక్కువసార్లు ఇది ఫైర్‌వాల్ పనే, లేదంటే తిరుగుదారి రూటింగ్ లేదు. ఈ రెండింటికీ తేడా గడియారమే చెబుతుంది. నిరాకరణ నొక్కగానే వస్తుంది, టైమవుట్‌కు కూర్చోవాల్సి వస్తుంది. లైనక్స్‌లో 113 కనిపిస్తే ఆ హోస్ట్‌కు దారే లేదని. 104 లేదా విండోస్‌లో 10054 కనిపిస్తే కనెక్షన్ కుదిరాక ఎవరో మధ్యలో తెంచారని. తెంచింది అవతలి సిస్టమ్ కావచ్చు, మధ్యనున్న పరికరం కావచ్చు.

మైనస్ 2 వస్తే హోస్ట్ పేరు అర్థం కాలేదు. మైనస్ 3 వస్తే సర్వీస్ పేరు అర్థం కాలేదు, అంటే సర్వీస్ పేర్లకు పోర్టు నంబర్లు రాసి ఉండే సర్వీసెస్ ఫైల్‌లో ఆ వరుస లేదు. మైనస్ 94 వస్తే దారిలో ఉన్న ఎస్ఏపీ రౌటర్ (సిస్టమ్‌ల మధ్య కనెక్షన్లను దాటించే ప్రోగ్రామ్) అనుమతి ఇవ్వలేదు; 3299 పోర్టు మీద నడిచే ఆ రౌటర్ అనుమతుల పట్టికలో వరుస చేర్చాలి. ఈ మూడింటినీ ఫైర్‌వాల్ టీమ్‌కు పంపితే రోజులు వృథా.

హోస్ట్ పేరు దగ్గర కొంచెం ఆగాలి. పేరును విడదీసేది మీ ల్యాప్‌టాప్ కాదు, మీరు ఆ క్షణంలో లాగిన్ అయి ఉన్న అప్లికేషన్ సర్వర్. సిస్టమ్‌లో నాలుగు అప్లికేషన్ సర్వర్లు ఉంటే నాలుగింటికీ వేరువేరు హోస్ట్స్ ఫైళ్లు ఉండవచ్చు. మీరు చేసిన టెస్ట్ పాస్ అవుతుంది, రాత్రి బ్యాక్‌గ్రౌండ్ జాబ్ ఇంకో సర్వర్ మీద నడిచి ఫెయిల్ అవుతుంది. "అప్పుడప్పుడు మాత్రమే పోతోంది" అనే ఫిర్యాదుల్లో ముందు చూడాల్సింది ఇదే. అప్లికేషన్ సర్వర్ల జాబితా ఉండే ఎస్ఎం51లోకి వెళ్లి ఒక్కో సర్వర్‌కు మారి టెస్ట్ చేయండి. డీఎన్ఎస్ మార్చాక కూడా పాత చిరునామాకే పోతుంటే అక్కడే హోస్ట్ నేమ్ బఫర్‌ను రీసెట్ చేయాలి. ఎస్ఏపీ పేర్లను తన దగ్గర దాచుకుంటుంది. డెస్టినేషన్‌లో టార్గెట్ హోస్ట్ కింద హోస్ట్ పేరుగా దాచాలా, ఐపీగా దాచాలా అనే ఎంపిక కూడా ఉంటుంది. ఐపీగా దాచి ఉంటే, అవతలి సిస్టమ్ వేరే మెషీన్‌కు మారిన రోజున ఈ డెస్టినేషన్ పాత చోటికే తలుపు తడుతుంది. పేరుగా దాచడమే మంచిది.

లోడ్ బ్యాలెన్సింగ్ ఉంటే

ఇక్కడ ఒక కనెక్షన్‌కు బదులు రెండు ఉంటాయి. ముందు మెసేజ్ సర్వర్‌కు, 36 తర్వాత సిస్టమ్ నంబర్ ఉన్న పోర్టుకు. అది లాగాన్ గ్రూపు (కాల్‌లను పంచుకునే సర్వర్ల జాబితా) చూసి, "ఈ అప్లికేషన్ సర్వర్ దగ్గరికి పో" అని ఒక చిరునామా ఇస్తుంది. రెండోది ఆ చిరునామాలోని 33 వరుస గేట్‌వే పోర్టుకు. ఫైర్‌వాల్‌లో మెసేజ్ సర్వర్ ఒక్కటే తెరిచి అప్లికేషన్ సర్వర్లను మరిచిపోవడం సర్వసాధారణం. గ్రూపులో మూడు సర్వర్లుంటే, రెండింటికి దారి ఉండి మూడోదానికి లేకపోతే, ఏ కాల్ పోతుందో ఏది పోదో ముందే చెప్పలేరు. కొత్త సర్వర్‌ను గ్రూపులో చేర్చిన మర్నాటి నుంచి ఇలాంటి ఫిర్యాదు మొదలైతే ఇంకేమీ వెతకనక్కర్లేదు.

మధ్యలో నాట్ (చిరునామాలను మార్చి పంపే ఏర్పాటు) ఉంటే ఇంకో చిక్కు. మెసేజ్ సర్వర్ ఇచ్చేది లోపలి నెట్‌వర్క్ చిరునామా. బయటి నుంచి పిలిచేవాళ్లకు ఆ చిరునామా ఉన్నట్టే తెలియదు. ఎర్రర్ తెరలో పార్ట్‌నర్ పక్కన ఉన్న హోస్ట్, మీరు డెస్టినేషన్‌లో రాసిన హోస్ట్ ఒకటేనా అని చూడండి. వేరుగా ఉంటే మెసేజ్ సర్వర్ దాకా దారి బాగున్నట్టు, తప్పు రెండో అడుగులో ఉన్నట్టు. ఈ పరిశీలనకు అర నిమిషం చాలు. ఇక్కడ ఎస్ఎం59కు పూర్తి మార్కులు ఇవ్వాలి, ఏ అడుగులో పడ్డామో దాచకుండా చెబుతుంది. పిలిచే వైపు సర్వీసెస్ ఫైల్‌లో ఎస్ఏపీఎంఎస్ తర్వాత సిస్టమ్ ఐడీ ఉన్న వరుస లేకపోతే మాత్రం మొదటి అడుగే పడదు.

టైప్ టీ, రిజిస్టర్డ్ ప్రోగ్రామ్‌లు

బయటి సర్వర్ ప్రోగ్రామ్ ఒకటి గేట్‌వే దగ్గర తన పేరు నమోదు చేసుకుని కూర్చుంటుంది. ఏబాప్ ఆ పేరుతో పిలుస్తుంది. ఇక్కడ తరచూ కనిపించేది "ప్రోగ్రామ్ నాట్ రిజిస్టర్డ్", రిటర్న్ కోడ్ 679. ప్రోగ్రామ్ నడుస్తూనే ఉందని దాన్ని చూసుకునేవాళ్లు ప్రమాణం చేసి చెబుతారు. ఇద్దరూ నిజమే చెబుతూ ఉండవచ్చు.

కారణం ఇది. గేట్‌వే ఒక్కో ఇన్‌స్టెన్స్‌కు (అప్లికేషన్ సర్వర్‌కు) ఒకటి ఉంటుంది. డెస్టినేషన్‌లో గేట్‌వే హోస్ట్, గేట్‌వే సర్వీస్ ఖాళీగా వదిలేస్తే, కాల్ ఏ సర్వర్ మీద నడుస్తుంటే ఆ సర్వర్ గేట్‌వేలోనే వెతుకుతుంది. ప్రోగ్రామ్ మొదటి సర్వర్ గేట్‌వేలో నమోదై, జాబ్ రెండో సర్వర్ మీద నడిస్తే దొరకదు. ఆ రెండు పెట్టెలూ తప్పకుండా నింపాలి. ప్రోగ్రామ్ ఐడీలో అక్షరాల పెద్దా చిన్నా తేడా కూడా లెక్కలోకి వస్తుంది.

నమోదు అయిందో లేదో ఎస్ఎంజీడబ్ల్యూలో లాగ్డ్ ఆన్ క్లయింట్స్ జాబితా చూపిస్తుంది. లేకపోతే నమోదు అనుమతులు రాసి ఉండే రెగ్‌ఇన్ఫో ఫైల్ చూడాలి. ఒక్కో వరుసలో నాలుగు అంశాలు: టీపీ అంటే ప్రోగ్రామ్ పేరు, హోస్ట్ అంటే ఎక్కడి నుంచి నమోదు చేసుకోవచ్చు, యాక్సెస్ అంటే ఎవరు పిలవవచ్చు, క్యాన్సెల్ అంటే ఎవరు తీసేయవచ్చు. హోస్ట్ సరిగ్గా రాసి యాక్సెస్‌లో లోకల్ అని మాత్రమే రాస్తే నమోదు జరుగుతుంది, పక్క సర్వర్ నుంచి కాల్ మాత్రం తిరస్కరణకు గురవుతుంది. వరుసలను పై నుంచి కిందికి చదివి, సరిపోయిన మొదటి దాన్నే గేట్‌వే తీసుకుంటుంది కాబట్టి, పైన నిషేధ వరుస ఉంటే కింద ఎన్ని అనుమతులు రాసినా ఉపయోగం లేదు. మార్చాక ఫైల్‌ను మళ్లీ చదివించాలి: ఎస్ఎంజీడబ్ల్యూలో ఎక్స్‌పర్ట్ ఫంక్షన్స్, ఎక్స్‌టర్నల్ సెక్యూరిటీ, రీరీడ్. రీస్టార్ట్ అక్కర్లేదు. తొందరలో అన్నిటినీ అనుమతించే నక్షత్రం గుర్తు వరుస పెట్టి వదిలేయవద్దు. అది గేట్‌వే తలుపును బార్లా తెరిచి పెట్టడమే. అక్కడే ఉన్న లాగింగ్ ఆన్ చేస్తే ఏ హోస్ట్ నుంచి వచ్చిన ఏ పేరును తిరస్కరించిందో ఫైల్‌లో రాస్తుంది, దాన్ని చూసి సరైన వరుస రాయవచ్చు.

"100 కన్వర్సేషన్స్ ఎక్సీడెడ్" అనే మాట కనిపిస్తే అది ఒకేసారి తెరిచి ఉండగల కనెక్షన్ల మీద ఉన్న సీపీఐసీ_మ్యాక్స్_కన్వ్ పరిమితి. పెంచడం సులువు, కానీ చాలాసార్లు అసలు తప్పు కనెక్షన్ తెరిచి మూయని ప్రోగ్రామ్‌లో ఉంటుంది. పెంచితే అదే ఎర్రర్ కొన్నాళ్ల తర్వాత వస్తుంది.

లాగాన్, ఆథరైజేషన్

ఆథరైజేషన్ టెస్ట్ "నేమ్ ఆర్ పాస్‌వర్డ్ ఇన్‌కరెక్ట్" అంటే ముందు అవతలి సిస్టమ్‌లో యూజర్ లాక్ అయిందేమో చూడండి. తప్పు పాస్‌వర్డ్‌తో లాక్ కావడానికి డిఫాల్ట్ పరిమితి 5 ప్రయత్నాలు. నిమిషానికోసారి నడిచే జాబ్‌లో పాత పాస్‌వర్డ్ ఉంటే, మీరు లాక్ తీసిన 5 నిమిషాలకే మళ్లీ లాక్ పడుతుంది. ఆ కాల్ ఏ మెషీన్ నుంచి వస్తోందో ఎస్ఎం20 సెక్యూరిటీ ఆడిట్ లాగ్‌లో టెర్మినల్ పేరు చెబుతుంది. మూలం పట్టుకోకుండా లాక్ తీస్తూ పోవడం చిల్లికుండలో నీళ్లు పోయడమే. ఎస్ఏపీ నెట్‌వీవర్ 7.0 విడుదల నుంచి పాస్‌వర్డ్ 40 అక్షరాల వరకు ఉంటుంది, పెద్దా చిన్నా అక్షరాల తేడా చూస్తుంది. అంతకు ముందువి 8 అక్షరాలే, అన్నీ పెద్దక్షరాలే. పాత సిస్టమ్ నుంచి కొత్తదానికి పిలిచేటప్పుడు ఈ తేడా కొడుతుంది. ఇంటర్‌ఫేస్ యూజర్‌ను సిస్టమ్ టైప్‌గా పెట్టడమే సరైనది, దానికి పాస్‌వర్డ్ గడువు నియమాలు వర్తించవు.

ట్రస్టెడ్ కనెక్షన్‌లో (పాస్‌వర్డ్ లేకుండా, సిస్టమ్‌ల మధ్య నమ్మకం మీద లాగాన్ అయ్యేది) అయితే "నో ఆథరైజేషన్ టు లాగాన్ యాజ్ ట్రస్టెడ్ సిస్టమ్" అని వచ్చి బ్రాకెట్‌లో ఒక అంకె ఉంటుంది. ఆ అంకెలోనే జవాబు ఉంది. 0 అయితే ఆ యూజర్, ఆ క్లయింట్ అవతల చెల్లవు. 1 అయితే పిలిచే సిస్టమ్‌ను అవతల నమ్మలేదు, నమ్మిన సిస్టమ్‌ల జాబితా ఉండే ఎస్ఎంటీ1 చూడాలి. 2 అయితే యూజర్‌కు ఎస్_ఆర్ఎఫ్‌సీఏసీఎల్ (ట్రస్టెడ్ లాగాన్‌కు కావాల్సిన అనుమతి) లేదు, లేదా డీడీఐసీ వంటి రక్షిత యూజర్‌తో ప్రయత్నించారు. 3 అయితే సమయ ముద్ర చెల్లలేదు, రెండు సర్వర్ల గడియారాలు సరిచేయాలి. యూజర్‌కు ఎస్ఏపీ_ఆల్ (దాదాపు అన్ని అనుమతులూ ఇచ్చే ప్రొఫైల్) ఉన్నా 2 వస్తుందని ఆశ్చర్యపోనక్కర్లేదు: ఎస్_ఆర్ఎఫ్‌సీఏసీఎల్ డిఫాల్ట్‌గా ఎస్ఏపీ_ఆల్‌లో ఉండదు.

రెండు టెస్టులూ పాస్ అయి, అసలు కాల్ ఆర్ఎఫ్‌సీ_నో_అథారిటీ డంప్‌తో పడిపోతే అవతలి సిస్టమ్‌లో డంప్‌లు చూపే ఎస్‌టీ22 తెరవండి. ఏ ఫంక్షన్ గ్రూపుకు ఎస్_ఆర్ఎఫ్‌సీ అనుమతి లేదో అక్కడ ఉంటుంది. ఇవతల వైపు వెతికితే దొరకదు.

ఎస్ఎం58: ఆగిపోయినవి ఎక్కడున్నాయి

ట్రాన్సాక్షనల్ కాల్‌లు (పోకపోతే దాచి మళ్లీ పంపేవి) ఫెయిలైతే ఎస్ఎం58లో నిలబడతాయి. స్థితి సీపీఐసీఎర్ అయితే దారి సమస్య, పైన చెప్పినవన్నీ దానికే. సిస్‌ఫెయిల్ అయితే దారి బాగానే ఉంది, అవతల ప్రోగ్రామ్ పడిపోయింది. నెట్‌వర్క్ టీమ్‌ను పిలవవద్దు. దారి సమస్య వచ్చినప్పుడు డిఫాల్ట్‌గా 15 నిమిషాలకోసారి చొప్పున 30 సార్లు మళ్లీ ప్రయత్నిస్తుంది, ఒక్కో ప్రయత్నానికి ఒక బ్యాక్‌గ్రౌండ్ జాబ్ వేస్తుంది. అవతలి సిస్టమ్ పూటంతా ఆగి ఉంటే వేల జాబ్‌లు పోగై, సంబంధం లేని జాబ్‌లకు చోటు దొరకదు. ఎక్కువ ట్రాఫిక్ ఉన్న డెస్టినేషన్‌లకు టీఆర్ఎఫ్‌సీ ఆప్షన్స్‌లో ఆ జాబ్‌ను అణచి, ఆగిన కాల్‌లను మళ్లీ పంపే ఆర్ఎస్ఏఆర్ఎఫ్‌సీఈఎక్స్ రిపోర్టును నిర్ణీత వేళల్లో నడపడం మా సిఫారసు.

నిపింగ్

ఎస్ఏపీ కెర్నెల్‌తో పాటే వచ్చే ఈ చిన్న కమాండ్‌కు రావాల్సినంత పేరు రాలేదు. ఎస్ఎం59 వాడే నెట్‌వర్క్ పొరనే ఇదీ వాడుతుంది, కానీ ఏబాప్, యూజర్, గేట్‌వే ఏవీ మధ్యలో ఉండవు. అవతలి మెషీన్‌లో సర్వర్‌గా నడపాలి, ఐడిల్ ఆప్షన్‌ను 0గా ఇవ్వాలి, లేదంటే పని లేనప్పుడు తానే ఆగిపోతుంది. ఇవతల క్లయింట్‌గా నడపాలి. డిఫాల్ట్ పోర్టు 3298. బఫర్ 1 బైట్ పెట్టి 100 సార్లు తిప్పితే రానుపోను సమయం తెలుస్తుంది. 1,00,000 బైట్లు పెడితే వేగం తెలుస్తుంది. రెండు ప్రయత్నాల మధ్య విరామాన్ని మిల్లీసెకన్లలో ఇవ్వవచ్చు. నిపింగ్ అసలు విలువ ఇక్కడే ఉంది.

"ఉదయం మొదటి కాల్ ఎప్పుడూ ఫెయిల్, రెండోసారి పోతుంది" అనే ఫిర్యాదులో ఖాళీగా ఉన్న కనెక్షన్‌ను ఫైర్‌వాల్ రెండు వైపులకూ చెప్పకుండా తన పట్టికలోంచి తీసేసి ఉంటుంది. లైనక్స్ కీపలైవ్ (ఖాళీ కనెక్షన్ బతికే ఉందో లేదో చూసే సంకేతం) డిఫాల్ట్ 7200 సెకన్లు. అంతకంటే తక్కువ ఐడిల్ హద్దు పెట్టిన ఫైర్‌వాల్ ముందు అది ఆలస్యంగా మేల్కొంటుంది. విరామం 36,00,000 పెట్టి నిపింగ్‌ను వదిలేయండి. గంట తర్వాత తెగితే సాక్ష్యం చేతిలో ఉన్నట్టే. తర్వాత కీపలైవ్‌ను ఫైర్‌వాల్ హద్దు కంటే తగ్గించడం, లేదా ఆ పోర్టుకు హద్దు పెంచడం. ఎస్ఎం59 టెస్ట్ ప్రతిసారీ కొత్తగా నొక్కేది కాబట్టి ఈ జబ్బును అది ఎన్నటికీ చూపించలేదు.

నిపింగ్ లోపం ఒకటే, కానీ అది పెద్దదే: 3298 కూడా ఫైర్‌వాల్‌లో మూసే ఉంటుంది. అసలు గేట్‌వే పోర్టు మీద నడపాలంటే గేట్‌వే ఆగి ఉండాలి. కాబట్టి టెస్ట్ కోసం వేరే పోర్టును అదే ఫైర్‌వాల్ నియమంలో చేర్చమని ముందే అడిగి పెట్టుకోవాలి.

హెచ్‌టీటీపీ డెస్టినేషన్‌లు

టైప్ జీ, హెచ్‌లలో ఏ హెచ్‌టీటీపీ కోడ్ వచ్చినా దారి, టీఎల్ఎస్ (ఎన్‌క్రిప్షన్ పొర) రెండూ కుదిరినట్టే. 404 వస్తే నెట్‌వర్క్‌ను తప్పు పట్టవద్దు, పాత్ ప్రిఫిక్స్ చూడండి. అవతల ఏబాప్ ఉండి 403 వస్తే ఎస్ఐసీఎఫ్‌లో సర్వీస్ యాక్టివ్‌గా ఉందా చూడండి. కోడ్ లేకుండా ఎస్ఎస్ఎల్ ఎర్రర్ మాత్రమే వస్తే వివరం ఎస్ఎంఐసీఎం ట్రేస్‌లో ఉంటుంది. "పీర్ సర్ట్ అన్‌ట్రస్టెడ్" అని ఉంటే రూట్, మధ్యంతర సర్టిఫికెట్లను వాటిని నిర్వహించే ఎస్‌ట్రస్ట్‌లో దించాలి, అదీ డెస్టినేషన్‌లో ఎంచుకున్న పీఎస్ఈలోనే (సర్టిఫికెట్ల నిల్వ). డెస్టినేషన్ స్టాండర్డ్ పీఎస్ఈ వాడుతుంటే అనానిమస్ పీఎస్ఈలో దించడం ఇక్కడ అందరూ చేసే పొరపాటు.

ఎస్ఎం59లో లేనివి

టెస్ట్ ఫలితానికి చరిత్ర లేదు. తెర మూస్తే పోయింది. నిన్న 40 మిల్లీసెకన్లు పట్టినది ఈరోజు 900 పడుతోందని చెప్పే దారి అందులో లేదు. అందుకే ముఖ్యమైన డెస్టినేషన్‌ల సంఖ్యలను బాగున్న రోజునే రాసి పెట్టుకోవాలి. వందల డెస్టినేషన్‌లను ఒకేసారి పరీక్షించే సౌకర్యమూ తెరలో లేదు. దాచిన యూజర్ ఉన్నవాటి వరకు ఆర్ఎస్ఆర్ఎఫ్‌సీసీహెచ్‌కే రిపోర్టు ఆ లోటు తీరుస్తుంది.

ఆ రిపోర్టును సిస్టమ్ కాపీ తర్వాత తప్పక నడపండి, కానీ టెస్ట్ ఆప్షన్ ఎంచుకోకుండా ముందు జాబితా మాత్రమే తీయండి. ప్రొడక్షన్ (అసలు పని నడిచే సిస్టమ్) నుంచి పరీక్షల కోసం కాపీ చేసిన క్వాలిటీ సిస్టమ్‌లో డెస్టినేషన్‌లు ఇంకా ప్రొడక్షన్ వైపే చూస్తుంటాయి. అక్కడ టెస్ట్ పాస్ కావడమే ప్రమాదం. అన్నిటి హోస్ట్‌లూ మార్చి, ఎస్ఎం58లో, క్యూలో వరుసగా పంపే కాల్‌లు ఉండే ఎస్ఎంక్యూ1లో కాపీతో పాటు వచ్చిన కాల్‌లను తీసేసి, రహస్య వివరాల నిల్వ అయిన సెక్‌స్టోర్‌లో పాస్‌వర్డ్‌లు చదవగలుగుతోందో చూసుకున్నాకే బ్యాక్‌గ్రౌండ్ జాబ్‌లు విడుదల చేయాలి.